హై నాది, లో అక్కది

మా ఇంట్లో బీపీని మిషన్ పెట్టి చూసి ఎవరూ తేల్చలేదు. గుణం చూసి పంచేశారు. నాకు కోపమెక్కువ కాబట్టి హై బీపీ నా వాటాకు వచ్చింది. మా అక్కకు కోపమే రాదు కాబట్టి లో బీపీ తనకు పోయింది. ఇంత సుఖంగా, ఒక్క గొడవ కూడా లేకుండా మావాళ్లు ఇంకే పంపకమూ చేసి ఎరగరు.

రాప్తాడులో హైవే పక్కన నాకో టిఫిన్ సెంటరుంది. పొద్దున ఉగ్గాని, బజ్జి, ఇడ్లీ. పొయ్యి దగ్గర నేను, బయట మా ఆయన. తిన్న ప్లేటు తీసుకుపోయి పక్కవాడి స్కూటర్ సీటు మీద పెట్టేవాణ్ణి నేను తిడతాను. చేతులు కడుక్కునే నీళ్లలో పాన్ ఉమ్మేవాణ్ణి ఇంకా బాగా తిడతాను. వాళ్లు సిగ్గుపడాలి కదా, పడరు. "ఏమక్కా, బీపీ లేసినట్లుండాదే" అని నవ్వుకుంటూ పోతారు. ఉగ్గానికి బొరుగులు అమ్మేవాడు తేమ పట్టిన సంచి అంటగడితే, అది తేమ పట్టిందని చెప్పినా నాకు బీపీయే. మా బంధువుల్లో ఏదైనా మాట తేడా వచ్చి పెద్దలు కూర్చుంటే, నేను నోరు తెరవగానే ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెడతారు. "ఆయమ్మకు బీపీ ఉండాది, రవ్వంతసేపు అరిచి గమ్మునుంటాది, మీరు కానీయండప్పా" అంటారు. నేను చెప్పింది నిజమా అబద్ధమా అని ఆలోచించే పని వాళ్లకు తప్పిపోతుంది.

మా ఆయన అన్న ఒకసారి పప్పులో ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొట్టాడు. దాన్ని పౌరుషం అన్నారు. మగవాడిది పౌరుషం, నాది బీపీ. ఆ రెండక్షరాలు నేను మాట్లాడిన సగం మాటలను మింగేశాయి. అందుకే ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మండితే మళ్లీ బీపీ అంటారు.

ఇక మా అక్క సంగతి. నాకంటే నాలుగేళ్లు పెద్దది. కుందుర్పి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. వానకు ఎదురుచూసే వేరుశనగ చేను, రెండు ఆవులు, కొన్ని మేకలు. మా అక్క గొంతు పక్కింటికి వినపడగా నేను చూడలేదు. కూలికి వచ్చినవాళ్లు పని ఎగ్గొట్టి కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్ల సాళ్లు కూడా తనే తవ్వుతుంది. అడిగితే "పోనీలే" అంటుంది. ఆ "పోనీలే" అనే మాట మీద కూడా నాకు కోపమే.

అక్కకు లో బీపీ ఎట్లా వచ్చిందో చెప్పాలి, అంతా అక్కడే మొదలైంది కాబట్టి. రెండో కాన్పులో రక్తం చాలా పోయింది. మా బావ ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాడు. లోపలినుంచి "బీపీ పడిపోతాంది, బీపీ పడిపోతాంది" అని కేకలు వినపడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు సీసాలు పట్టుకుని పరుగెత్తారు. ఎంతోసేపటికి అక్క కళ్లు తెరిచిందని చెప్పారు. అప్పుడు మా బావ అక్కడి ఆయాను పట్టుకుని, ఆ సీసాలో ఏముందని అడిగాడు. "సెలైనప్పా. ఏముంటాది, ఉప్పునీళ్లే" అని చెప్పి ఆమె తన పనికి తాను పోయింది.

అంతే, మా బావకు ఆ మాట మంత్రమైపోయింది. తన భార్య చావు దాకా పోతే ఉప్పునీళ్లు వెనక్కి తెచ్చాయి. ఆరోజు నుంచి ఆయన తువ్వాలు కొంగున కల్లుప్పు మూట లేకుండా చేనుకు పోలేదు. అక్కకు కాస్త తల తిరిగిందా, మూట విప్పి మజ్జిగ చెంబులో ఉప్పు వేసి కలిపి తాపుతాడు. తలనొప్పి అన్నా అదే, నీరసమన్నా అదే. సంగటిలోకి నంచుకునే ఊరిబిండిలో అందరికీ ఒక ఉప్పు, అక్కకు మీద ఇంకో చిటికెడు. "లో మనిషి, తినల్ల" అని దగ్గర కూర్చుని మరీ తినిపిస్తాడు. భార్యను అట్లా చూసుకునే మొగుడు ఆ పల్లెలో ఇంకొకడు లేడని ఆడవాళ్లంతా చెప్పుకుంటారు. అది నిజమే, ఆ నిజం మీద కూడా నాకు కోపముంది.

ఆ కాన్పు తర్వాత అక్కకు ఎవరూ బీపీ చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది, లో అని తెలుసు కదా! ఆ పల్లెలో సూదులు వేసే ఆయన ఒకడుంటాడు. అక్క పోయి తల తిరుగుతోందని చెబితే, "నీకు లో కదమ్మా" అని తనే చెప్పి, బలానికని ఒక సూది వేసి పంపేవాడు. చేతికి పట్టీ చుట్టేవాడు కాదు. పిల్లలు పెద్దవాళ్లై పెళ్లిళ్లు కూడా అయ్యాయి. ఎప్పుడో రక్తం పోయిన రోజు పడిపోయిన బీపీ, ఇంకా పడిపోయే ఉందని అందరూ నమ్మారు.

పోయిన ఏడాది ఎండాకాలంలో, నా దగ్గర పిండి రుబ్బే ఆమె కూతురి కాన్పుకని ఊరికి పోతే, చేతిసాయానికి అక్కను పిలిపించుకున్నాను. వచ్చిన వారంలోనే ఒకరోజు, జనం పలచబడిన వేళకు సర్కారు ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు చూస్తూ హైవే వెంబడి అంగడి అంగడికీ తిరుగుతోంది. టీ తాగుతున్న డ్రైవర్లకు పండగైపోయింది.

"ముందు ఈ హోటలక్కకు చూడు మేడం. మిషను పగిలిపోతాది, దూరంగా పెట్టుకో!" అన్నాడొకడు.

మా ఆయన కూడా నవ్వాడు. నేను పొయ్యి దగ్గర నుంచి అట్లాగే వచ్చి చెయ్యి చాపాను. నర్సమ్మ ఒప్పుకోలేదు. "ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చో అక్కా. కాళ్లు నేలకు ఆనించు, కాలు మీద కాలు వద్దు. కాఫీ ఇప్పుడే తాగలేదు కదా? ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడొద్దు" అంది. నేను ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం చూడటానికే నలుగురు పోగయ్యారు. తర్వాత రవిక చెయ్యి పైకి జరిపి, చేతిని గుండె ఎత్తుకు బల్ల మీద పెట్టి, పట్టీ చుట్టి మీట నొక్కింది.

నూట పదహారు, డెబ్బై నాలుగు.

"శానా బాగుండాదక్కా" అంది నర్సమ్మ. ఎవరూ నమ్మలేదు. మిషన్ చెడిపోయిందన్నారు. మా ఆయన దగ్గరికొచ్చి, "ఇంగోసారి చూడమ్మా, ఈయమ్మకు అంత తక్కువ ఎట్లుంటాది?" అని అడిగాడు. పెళ్లాం ఆరోగ్యంగా ఉందంటే ఏ మొగుడైనా సంతోషిస్తాడు. ఈయన ముఖంలో మోసపోయిన కళ కనపడింది.

తర్వాత అక్క కూర్చుంది. మాట్లాడొద్దని అక్కకు చెప్పనక్కరలేదు. మిషన్ నూట ఎనభై ఎనిమిది, నూట పన్నెండు చూపించింది.

"అద్దీ! తారుమారైంది" అన్నాడు ఇందాకటి డ్రైవరు. "ఆ నంబరు ఈయమ్మది, ఈ నంబరు ఆయమ్మది." అందరూ తల ఊపారు, నాకు చెందాల్సింది అక్కకు పోయిందన్నట్టు. నవ్వులు చూసి నర్సమ్మకు కూడా అనుమానం వచ్చి, పట్టీ తన చేతికే చుట్టుకుని చూసుకుంది. బాగానే ఉంది. కాసేపు ఆగి అక్క రెండో చేతికి పెట్టింది. నూట ఎనభై నాలుగు, నూట పది.

నర్సమ్మ నవ్వడం మానేసింది. తల వెనక నొప్పి ఉంటుందా, కళ్లు మసకలేస్తాయా అని అక్కను అడిగింది.

"పొద్దున లేస్తే మెడకాయ కాడ బరువుగా ఉంటాది. తల తిరుగుతాది. అది నాకు లో బీపీ కదమ్మా, మజ్జిగ తాగితే పోతాది" అంది అక్క.

"లో కాదక్కా ఇది."

"నాకు కోపమే రాదు గదమ్మా, బీపీ యాడిది?" అని అక్క నవ్వింది.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. తలకాయ పేలిపోయేంత ఒత్తిడి లోపల పెట్టుకుని, తనకు కోపం రాదు కాబట్టి రోగం కూడా రాదని నవ్వింది.

నర్సమ్మ నిలబడి ఓపికగా చెప్పింది. పై నంబరు గుండె రక్తాన్ని తోసేటప్పుడు నరాల మీద పడే ఒత్తిడి. కింది నంబరు గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్య సడలినప్పటిది. నూట ఇరవై, ఎనభై లోపల ఉంటే దిగులు లేదు. నూట నలభై, తొంభై దగ్గరికొస్తే ఒక్కసారి చూసి రోగమనేయకూడదు, వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చూడాలి. అప్పుడూ దిగకపోతే అది బీపీ. రెండు నంబర్లలో ఒక్కటి దాటినా లెక్కే. "వయసు పెరిగినాక కొంచెం ఎక్కువుంటే ఏం కాదంటారే, అదంతా ఉత్తమాట. నూట ఎనభై దాటినాక మాత్రం రేపూ మాపూ అనగూడదు. ఈపొద్దే డాక్టరుకు చూపించు" అని నాకు చెప్పింది.

పొయ్యి ఆర్పేసి ఆ పూటే తీసుకుపోయాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా రెండుసార్లు చూసింది. అక్కడా అక్క అదే మాట అంది, కోపం రాదు కదా అని. "కోపం వచ్చినప్పుడు ఎవరికైనా కాసేపు పెరిగి దిగుతుంది. ఈ జబ్బు వేరు. శాంతంగా ఉన్నవాళ్లకూ వస్తుంది, అరిచేవాళ్లకు రాకుండానూ పోతుంది. ముఖం చూసి చెప్పేది కాదమ్మా, కొలిచి చెప్పేది" అంది డాక్టరమ్మ. రక్తం, ఒంటేలు పరీక్షలు చేయించింది. మూత్రపిండాల మీద అప్పుడే కొంచెం దెబ్బ పడిందని చెప్పింది. మాత్రలు రాసి, ఉప్పు బాగా తగ్గించమని, మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దని చెప్పింది. "నంబరు మామూలుకొచ్చిందంటే మాత్ర పని చేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు" అన్న మాట రెండుసార్లు చెప్పింది. నేను ఆ మాటను మనసులో గట్టిగా పెట్టుకున్నాను.

సాయంత్రం బావకు ఫోన్ చేసి చెప్పాను. నంబరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, "లో మనిషికి తగ్గించే మాత్రలు ఇస్తే ఇంగా కిందికి పోదా పాపా? సచ్చిపోతాది" అన్నాడు. ఆ కాన్పు రోజు వరండాలో నిలబడిన మనిషే మాట్లాడుతున్నాడని నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం ఆగుతుందా? "బావా, నువ్వు ఇన్నేండ్లూ ఆయమ్మకు తాపింది మజ్జిగ కాదు, ఇసం!" అని అరిచాను. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నువ్వు గమ్మునుండు, బీపీ పెరుగుతాది" అన్నాడు. ఆ ఫోన్ మళ్లీ నా చేతికి రాకపోవడం మంచిదైంది, ఆయన నెత్తిన పగిలేది.

అక్క గుణమేమిటంటే, ఎవరింట్లో ఉంటే వాళ్ల మాట వింటుంది. నా దగ్గరున్నన్నాళ్లు డాక్టరమ్మ మాట విని మాత్రలు వేసుకుంది. ఉప్పు తక్కువ కూడు తింది. నంబరు నెమ్మదిగా దిగింది. ఊరికి పోయేటప్పుడు నేనొక మిషన్ కొనిచ్చి, తీసుకుపోవడానికి వచ్చిన బావకు ఎట్లా చూడాలో దగ్గరుండి నేర్పించాను. ఆయన భయపడుతూ భయపడుతూనే నేర్చుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు బావే ఫోన్ చేశాడు. అంత సంతోషంగా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పాపా, నూట ఇరవై ఆరు, ఎనభై! మీ అక్కకు బీపీ లేదు! మాత్రలు నిలిపేసినాం."

ఇదిగో, ఈ మాటే. బీపీ ఉంది, బీపీ లేదు. మన నోళ్లలో ఆ మాట ఎట్లా తిరుగుతుందో చూడండి. రక్తం ఉన్న ప్రతి ఒంట్లోనూ ఒత్తిడి ఉంటుంది, అది ఎంతుందన్నదే ప్రశ్న. మనం ఎంత అని అడగం. ఉందా లేదా అని అడుగుతాం, ఇంట్లో చుట్టం ఉన్నాడా పోయాడా అని అడిగినట్టు. లేదని తేలితే చాపా దిండూ తీసి లోపల పెట్టేస్తాం. మా బావ మాత్రలు అట్లా తీసి గూట్లో పెట్టేశాడు.

"బీపీ లేకుంటే మనిషే ఉండదు బావా! ఆ నంబరు మాత్రల వల్ల వచ్చింది. మళ్లా మొదలుపెట్టు" అని మొత్తుకున్నాను.

"అట్లాంటి మాటలు అనొద్దు పాపా, కీడు" అన్నాడు. తర్వాత "సరేలే, ఏపిస్తా" అన్నాడు. అక్కను అడిగితే "ఏసుకుంటాండాలే, నువ్వు అరవాకు" అంది. నా అరుపు ఆగడానికి ఆ మాట చెప్పిందని తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో మాత్రలు మానేయడమే కాదు, మజ్జిగలో ఉప్పు కూడా తిరిగొచ్చింది. బీపీ లేదు కాబట్టి, మా అక్క మళ్లీ లో మనిషైపోయింది.

వేరుశనగ పీకే రోజుల్లో జరిగింది. పొద్దున్నే చేనులో వంగి చెట్లు పీకుతున్న అక్క, నిలబడబోయి గట్టు మీద పడిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. కుడి చెయ్యి లేవలేదు. ఏదో అంటోంది కానీ మాట ముద్దగా వస్తోంది. మా బావ ఏం చేశాడు? తువ్వాలు కొంగు విప్పాడు. మజ్జిగలో ఉప్పు వేసి, తల ఒళ్లో పెట్టుకుని నోట్లో పోశాడు. అది పెదవి పక్క నుంచి కారిపోతోంటే, నీరసానికి మింగలేకపోతోందనుకుని మళ్లీ పోశాడు. చెట్టు నీడన పడుకోబెట్టి కాళ్ల కింద పీకిన చెనక్కాయ చెట్ల కట్ట పెట్టాడు. కూలోళ్లంతా చుట్టూ చేరి కొంగులతో విసిరారు. అంతమందిలో ఒక్కరికి కూడా ఆసుపత్రి అన్న మాట నోట్లోంచి రాలేదు.

ఎవరో ఇంటికి పోయి నేనిచ్చిన మిషన్ తెచ్చారు. పెట్టి చూశారు. పై నంబరు రెండు వందలు దాటింది. అప్పుడైనా కళ్లు తెరిచారా? "మిషనుకు ఎండ తగిలింది" అన్నారు.

బావ నాకు ఫోన్ చేసినప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చింది. చేసింది అక్కకు బాగలేదని చెప్పడానికి కూడా కాదు. "పాపా, ఎండకు మిషను తప్పు చూపిస్తాదా?" అని అడగడానికి. ఏమైందని గద్దిస్తే అప్పుడు చెప్పాడు. నోట్లో చుక్క పోయొద్దు, అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యి అని నేను పెట్టిన కేకకు హైవే మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

అనంతపురంలో స్కాన్ తీసి, మెదడు నరంలో రక్తం గడ్డ కట్టిందని చెప్పారు. ఇట్లాంటి గడ్డను కరిగించే మందు ఉందనీ, మొదటి కొన్ని గంటల్లోనే అది ఇవ్వడానికి వీలవుతుందనీ, ఆ సమయం దాటిపోయిందనీ డాక్టరు చెప్పాడు. తొందరగా తెచ్చినా తప్పకుండా బాగయ్యేదని చెప్పలేనని కూడా అన్నాడు. మింగలేని మనిషి నోట్లో మజ్జిగ పోసినందుకు అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే అప్పుడే ప్రాణం పోయేదన్నాడు. నేను వరండాలోకి వచ్చి బావను అందరి ముందూ కడిగేశాను. నా నోటికి ఏ మాట వస్తే ఆ మాట అన్నాను. బంధువులు నన్ను పట్టుకుని వెనక్కి లాగారు. "ఆడమనిషి ఆసుపత్రిలో ఇట్ల అరుస్తాదా? బీపీ మనిషి, ఎవురన్నా ఒక మాత్ర ఇయ్యండప్పా" అన్నాడు మా పెద్దనాయన కొడుకు.

"నా బీపీ నూట పదహారు, డెబ్బై నాలుగు. నీదెంతో చూపించుకున్నావా ఎప్పుడైనా? లోపల పడుకున్న మనిషికి ఒక్కసారైనా చూసినారా మీరంతా?" అన్నాను.

బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తువ్వాలు కొంగున మూట ఇంకా ఉంది. తల ఎత్తి, "ఆపొద్దు ఉప్పునీళ్లే గదా పాపా కాపాడింది?" అన్నాడు. అది రక్తం కారిపోయిన ఒంటికి, కొలత ప్రకారం నరంలోకి ఎక్కించిన మందని, రోజూ చెంబుతో తాగించేది కాదని చెప్పాను. మెల్లగా చెప్పలేదు. ఆయన ఏడుస్తుంటే నాకు జాలేసింది. ఆ జాలి వేసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ప్రేమతోనే చేశాడు కదా అని అందరూ అన్నారు. ప్రేమతో చేస్తే చెయ్యి తిరిగొస్తుందా?

అక్క బతికింది. మూతి చాలావరకు సర్దుకుంది. మాట నత్తినత్తిగా వస్తుంది కానీ అర్థమవుతుంది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంటుంది. అన్నం ఎడమచేత్తో తింటుంది. ఇప్పుడు బావే రోజూ మాత్రలు వేస్తాడు. ఒక్కపూట తప్పడు. నంబరు చూసి నాకు ఫోన్ చేసి చెబుతాడు. ఉప్పు డబ్బా అటక మీద పెట్టేశామన్నాడు.

ఈమధ్య ఒకరోజు చూసి వద్దామని పోయాను. అక్క వసారాలో కూర్చుని ఉంది. ఎండ మండిపోతోంది. నన్ను చూసి లేవబోయి, తల తిరిగి మళ్లీ కూర్చుండిపోయింది. బావ ముఖం పాలిపోయింది. గబగబా లోపలికి పోయి మజ్జిగ చెంబు తెచ్చి అక్క ఎడమచేతిలో పెట్టాడు. అక్క ఒక గుక్క తాగింది. ఆగిపోయి బావ ముఖంలోకి చూసింది.

"రవ్వంతే... చిటికెడు" అన్నాడు బావ నేల చూపులు చూస్తూ.

చెంబు వసారా దాటి పోయి అరుగుకు తగిలి మోగింది. మేకలు చెదిరిపోయాయి. మా అక్క, మా అక్కే, ఎడమచేత్తో చెంబు విసిరికొట్టింది.

"ఉప్పు! ఇంగా ఉప్పేనా నాకు?" ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నత్తి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నువ్వు తాపినావు, నేను తాగినా. వద్దని ఒక్కనాడన్నా అన్నానా? చెయ్యి పాయె. ఇంగేమి కావల్ల నీకు? నోరు కూడా పోవల్లనా?"

పక్కిళ్ల వాళ్లు గడపల్లోకి వచ్చారు. బావ నా వైపు తిరిగాడు. "బీపీ లేసింది! పాపా, మిషను తీసుకురా, బీపీ లేసింది!" అన్నాడు. వచ్చినవాళ్లు కూడా, "అవునప్పా, లేసింది, చూడండి" అన్నారు.

మిషన్ తెచ్చాను. అయితే వెంటనే పెట్టలేదు. అక్క వీపు గోడకు ఆనించి, కాళ్లు నేల మీద సరిగ్గా పెట్టించాను. దుప్పటి మడిచి, దాని మీద ఎడమచెయ్యి గుండె ఎత్తుకు పెట్టి పట్టీ చుట్టాను. "ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు" అన్నాను. అక్క కళ్లు మూసుకుంది. బావ స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. వీధి వీధంతా చప్పుడు లేకుండా మా వసారా వైపు చూస్తోంది. నిజంగానే పెరిగి ఉంటే వీళ్లంతా గెలుస్తారు, మా అక్క మళ్లీ జన్మలో నోరు తెరవదు.

మీట నొక్కాను. నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు.

వీధి చివరిదాకా వినపడేట్టు పైకి చదివాను. మాత్ర మింగుతున్న మనిషికి పరవాలేని నంబరని కూడా చెప్పాను.

"అంత కోపంలోనా?" అన్నాడు బావ నమ్మలేక.

అక్క కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"ఇప్పుడు మాట్లాడచ్చునా?" అని అడిగింది.

"మాట్లాడక్కా" అన్నాను.

బావ వైపు తిరిగి, ఆ కాన్పు తర్వాత తాపిన మొదటి చెంబు దగ్గర నుంచి మొదలుపెట్టింది.